కొక్కెర రోగానికి టీకా ఉంది, మన గంపల దాకా రావడం లేదు

చలి ముదిరిందంటే మన జక్రాన్‌పల్లి మండలంలో ఏ ఊరికి పోయినా ఒకే మాట వినిపిస్తుంది: "కోళ్లకు రోగం తగిలింది." రాత్రి గంప కింద కమ్మిన కోళ్లలో పొద్దున గంప లేపేసరికి రెండో మూడో చచ్చి ఉంటాయి. మిగిలినవి రెక్కలు వాల్చి, ముక్కు తెరిచి రొప్పుతుంటాయి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు పెడతాయి. కొన్నిటికి మెడ మెలిపడుతుంది. నాలుగు రోజుల్లో ఇంటి గంప ఖాళీ, పక్షం రోజుల్లో వాడ వాడంతా ఖాళీ. ఎండలు ముదిరే ముందు మళ్లీ ఇదే తంతు.

దీన్ని మనవాళ్లు ఏటా వచ్చే గాలి అనుకుని ఊరుకుంటున్నారు. అమ్మవారి కోపం అనేవాళ్లూ ఉన్నారు. ఇది గాలీ కాదు, కోపమూ కాదు. ఇది వైరస్ రోగం. మనం కొక్కెర రోగం అంటాం, పశువుల డాక్టర్లు రాణిఖేత్ అంటారు, బయటి దేశాల్లో న్యూకాజిల్ వ్యాధి అంటారు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పట్టణం దగ్గర, ఇండోనేషియాలోని జావా దీవిలో దీన్ని మొదట గుర్తించారు. మరుసటి ఏడాది 1927లో మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. ఆ ఊరి పేరే రోగానికి స్థిరపడింది. అదే కొండల్లో ఉన్న ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన కేంద్రంలో 1940లలో దీనికి టీకా తయారైంది. అంటే ఈ టీకా వచ్చి ఎనభై ఏళ్లవుతోంది. టీకా పడని కోళ్లలో ఈ రోగం సోకితే నూటికి తొంభై దాకా చచ్చిపోతాయి. టీకా సక్రమంగా పడితే చాలామటుకు బతుకుతాయి. ఇంత తేడా ఉన్నా మన ఊళ్లలో ఇంకా కోళ్లు కుప్పలుగా చస్తున్నాయంటే లోపం టీకాలో లేదు. అది గంప దాకా చేరే దారిలో ఉంది. ఈ నెల సంపాదకీయం ఆ దారి గురించే.

ఈ నష్టం ఎవరిది?

పసుపు ధర పడిపోతే మార్కెట్ యార్డు ముందు బైఠాయిస్తాం. ఎర్రజొన్న బిల్లులు రాకపోతే ఆర్మూర్‌లో రోడ్డెక్కుతాం. వడ్లు తడిస్తే కలెక్టరేట్‌కు పోతాం. ఇంటి ముందర పది కోళ్లు చస్తే ఎవరి దగ్గరికీ పోం. ఎందుకంటే ఆ కోళ్లు పట్టా పాసు పుస్తకంలో లేవు, బ్యాంకు అప్పులో లేవు, ఏ నష్టం జాబితాలోనూ లేవు. అవి ఆ ఇంటి ఆడమనిషి సొమ్ము.

ఒక నాటు పుంజు అమ్మితే రెండు రోజుల కూలికి తక్కువ రాదు. బిడ్డ స్కూలు ఫీజుకు, దవాఖాన ఖర్చుకు, పండుగకు చీరకు, మొగుణ్ని అడగకుండా చేతికి వచ్చే పైసలు అవే. భూమి లేని కూలీ ఇంట్లో, ఒంటరి మహిళ ఇంట్లో కోళ్ల గంపే బ్యాంకు. గంప ఖాళీ అయితే మళ్లీ పది కోళ్లు చేయడానికి ఆరేడు నెలలు పడుతుంది. అప్పటికి మళ్లీ రోగం కాలం వచ్చేస్తుంది. అందుకే చాలామంది "ఇగ వద్దు" అని కోళ్లు సాదుడే మానేశారు.

నాటు కోడికి గిరాకీ లేదా అంటే, మన పక్కనే ఉన్న అంకాపూర్‌ను చూస్తే చాలు. అక్కడి దేశీ కోడి కూర కోసం హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దాకా పోయే బండ్లు ఆగుతాయి. ఫోన్ చేసి చెబితే కూర వండి ఇచ్చే ఇళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ కూరకు కావలసిన కోళ్లన్నీ మన చుట్టుపక్కల మండలాల ఆడబిడ్డల గంపల్లోంచే పోవచ్చు. రోగం ఆగితే ఆ సొమ్ము మన ఊళ్లకే వస్తుంది.

దేశం లెక్క కూడా ఇదే చెబుతోంది. 2019 పశుగణనలో దేశంలో 85 కోట్లకు పైగా కోళ్లు తేలాయి. అందులో పెరటి కోళ్లు 31 కోట్ల 70 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. తెలంగాణ సుమారు 8 కోట్ల కోళ్లతో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తర్వాత మూడో స్థానంలో ఉంది. ఇంత సంపదకు కాపలా ఏదీ?

టీకా ఎందుకు రావడం లేదు?

మూడు కారణాలు ఉన్నాయి. మూడింటికీ విరుగుడు ఉంది.

మొదటిది సీసా. కొక్కెర రోగం టీకా నూరు డోసులు, అంతకంటే ఎక్కువ డోసుల సీసాల్లో వస్తుంది. మందు కలిపిన తర్వాత గంట, రెండు గంటల్లో వాడేయాలి. లేకపోతే పారబోయాలి. ఎనిమిది కోళ్లున్న అక్క పశువుల దవాఖానకు పోయి అడిగితే, ఎనిమిది కోళ్ల కోసం నూరు డోసుల సీసా ఎవరూ పగలగొట్టరు. ఆమె ఒక్కతే పోతే టీకా దొరకదు. వాడంతా కలిసి ఒకే పొద్దున కోళ్లను గంపల కిందనే ఉంచితే దొరుకుతుంది.

రెండోది చల్లదనం. ఈ టీకాలో ఉండేది బతికున్న వైరస్, బలహీనపరచిన వైరస్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండలో సంచిలో వేసుకుని తెచ్చిన టీకా నీళ్లతో సమానం. అది వేసి, కోళ్లు చచ్చాక "టీకా పనిచేయదు" అంటే తప్పు టీకాది కాదు. ఐసు వేసిన ఫ్లాస్కుతో సరిపోయే పని ఇది.

మూడోది లెక్క. మన పెరటి కోళ్లు చస్తే ఎవరూ రాసుకోరు. దవాఖానకు కబురు పోదు, శాంపిల్ పోదు. కాగితం మీద రోగం లేదు కాబట్టి పైనుంచి టీకా కోటా రాదు. కోటా రాదు కాబట్టి వేయరు. వేయరు కాబట్టి చస్తాయి. చచ్చినవి మళ్లీ కాగితం ఎక్కవు. ఈ గానుగ ఎద్దు తిరుగుడు ఎక్కడో ఒకచోట ఆగాలి. మన చేతిలో ఉన్నది కబురు చెప్పుడు. అక్కడే ఆపుదాం.

గాలికుంటు టీకాను చూడండి. 2019లో కేంద్రం 13 వేల కోట్లకు పైగా నిధులతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఊరికి వస్తుంది, బర్రెలను ఒకచోట కట్టేస్తాం, టీకా పడుతుంది. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్ల ఎడ్లను తుడిచిపెట్టిన ముసర రోగం టీకాలతోనే ఈ భూమ్మీద లేకుండా పోయింది. 2011లో ప్రపంచమంతా దాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఎద్దుకు చేసినది కోడికి ఎందుకు చేయరాదు?

ఆఫ్రికాలో మనకంటే బీద దేశాలు దారి చూపించాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండను కొంత తట్టుకునే ఐ-2 అనే కొక్కెర టీకాను తయారు చేస్తే, మొజాంబిక్‌లో ఊరి మనుషులే శిక్షణ తీసుకుని మార్చి, జులై, నవంబర్ నెలల్లో ఇంటింటికీ తిరిగి కోడి కంట్లో ఒక్కో చుక్క వేస్తున్నారు. కోడికింత అని కొద్ది పైసలు తీసుకుంటారు. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం మేతలా తినిపించే గుళికల టీకా తయారు చేసింది. మన రాజేంద్రనగర్‌లోనే కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. వనరాజా, గ్రామప్రియ జాతులు అక్కడివే. పశువైద్య విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. టీకాలు తయారు చేసే ప్రభుత్వ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. ఇన్ని ఉండి జక్రాన్‌పల్లి గంప దాకా ఒక చుక్క రాకపోవడం తెలివి లేక కాదు, పట్టింపు లేక.

ఇది కొక్కెరా, బర్డ్ ఫ్లూనా?

2025 తర్వాత ఈ ప్రశ్నను తేలికగా తీసుకునే వీలు లేదు. ఆ ఏడాది జనవరిలో మనకు పడమట, మహారాష్ట్ర లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో చచ్చిన కాకుల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులో కోళ్లు లక్షల్లో పోయాయి. భోపాల్ ప్రయోగశాల దాన్ని హెచ్5ఎన్1 అని తేల్చింది. మన ప్రభుత్వం సరిహద్దుల్లో కోళ్ల బండ్లను ఆపింది. ఆ తర్వాత యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి జిల్లాల్లోనూ రోగం కనిపించింది. తెలంగాణకు ఇది కొత్త కాదు. 2015 ఏప్రిల్‌లోనే హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్ ఫ్లూ వచ్చి లక్షకు పైగా కోళ్లను చంపి పాతిపెట్టారు.

మనకు పడమట సాలూర దాటితే మహారాష్ట్ర. ఉత్తరాన శ్రీరాంసాగర్ జలాశయానికి చలికాలంలో వలస పక్షులు వస్తాయి. మధ్యలోంచి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రోగం రావడానికి మూడు దారులూ తెరిచే ఉన్నాయి.

కొక్కెరకు, బర్డ్ ఫ్లూకు లక్షణాలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. బర్డ్ ఫ్లూలో తల, జుట్టు వాచి నీలం తిరగడం, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలు, ఏ లక్షణమూ లేకుండానే ఒకేసారి ఎక్కువ కోళ్లు చచ్చిపోవడం ఉంటాయి. అయినా కంటితో చూసి ఎవరూ తేల్చలేరు, డాక్టరు కూడా తేల్చలేడు. ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. తేడా మాత్రం చాలా పెద్దది. కొక్కెర మనుషులకు పెద్దగా హాని చేయదు, మహా అయితే కండ్లు ఎర్రబడతాయి. బర్డ్ ఫ్లూ అరుదుగా సోకినా ప్రాణం తీయగలదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడి మాంసం ముక్క తిన్నట్టు ఇంట్లోవాళ్లు చెప్పారు. అందుకే కోళ్లు చస్తున్న ఇంట్లో పిల్లల్ని వాటి దగ్గరికి పోనీయవద్దు. జబ్బు కోడిని కోసి తినవద్దు, పంచవద్దు.

భయం కూడా ఒక రోగమే. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు పుట్టి చికెన్ ధర నేలకు పడిపోయింది. మంత్రులు హైదరాబాద్‌లో వేదిక మీద నిలబడి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోళ్లు అమ్ముడుపోకపోతే ఆగేది కోళ్ల రైతు ఒక్కడే కాదు. కోడి దాణాలో ఎక్కువ భాగం మక్కలు, ఆ తర్వాత సోయా. రెండూ మన నేల పంటలే. షెడ్డు ఖాళీ అయితే మక్కల ధర పడుతుంది. కాబట్టి మక్కజొన్న రైతు కూడా ఈ విషయం నాది కాదు అనుకోరాదు. బాగా ఉడికిన మాంసం, గుడ్డు తింటే ఏమీ కాదు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చస్తుంది. పుకారును ఆపేది ఉపన్యాసం కాదు, తొందరగా వచ్చే పరీక్ష ఫలితం.

దాచిపెట్టడం ఎందుకు జరుగుతోంది?

2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం జాబితాలోని రోగం వచ్చిందని అనుమానం వస్తే యజమాని గ్రామ పంచాయతీకి గాని అధికారికి గాని తెలపాలి. కొక్కెర, బర్డ్ ఫ్లూ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. చట్టం అలా చెబుతుంటే మనిషి ఎందుకు దాస్తున్నాడు? చెబితే నష్టం, దాస్తే కొంతైనా మిగులుతుంది కాబట్టి.

బర్డ్ ఫ్లూ తేలితే కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. పరిహారం అధికారులు చంపిన కోడికే ఇస్తారు. రోగంతో అంతకుముందే చచ్చిన కోడికి ఏమీ లేదు. అంటే తొందరగా చెప్పినవాడికి కొంత దక్కాలి, ఆలస్యం చేసినవాడికి తక్కువ దక్కాలి. ఈ సంగతి మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఎవరు చెప్పారు? తెలియక రైతు రోగం కోళ్లను సగం ధరకు బేరగానికి అమ్ముతాడు. బేరగాడు వాటిని మోటార్‌సైకిల్ గంపలో వేసుకుని మరో నాలుగు ఊళ్లు తిరిగి అంగడికి పోతాడు. రోగం కూడా ఆ బండి మీదే పోతుంది.

కంపెనీలకు కోళ్లు పెంచే షెడ్డు రైతుల బాధ మరో తీరు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, ఊక, కూలి, బ్యాంకు అప్పు రైతువి. కోడి కంపెనీది కాబట్టి చంపిన కోడి పరిహారం కోడి యజమానికి పోతుంది. షెడ్డు కడిగి నెలల తరబడి ఖాళీగా పెట్టుకున్న రైతుకు కిస్తీ మాత్రం ఆగదు. కోళ్లు చస్తే పెంపకం కూలి కోత పడుతుంది. ఈ ఒప్పందాలను ఎవరు చూస్తున్నారు?

మనం చేయాల్సింది

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పడ్కల్, ఆర్గుల్, కలిగోట్, కొలిప్యాక్, మునిపల్లి, మనోహరాబాద్ ఏ ఊరైనా కానీ, గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఈ పనులు మొదలుపెట్టాలి.

ఒకటి, కోళ్ల లెక్క. మహిళా సంఘాల గ్రామ సమాఖ్యతో కలిసి వాడవారీగా ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు, ఎన్ని పిల్లలు అని రాయండి. నూరు ఇళ్లలో ఇంటికి ఎనిమిది ఉన్నాయనుకుందాం. ఎనిమిది వందల కోళ్లు, అంటే నూరు డోసుల సీసాలు ఎనిమిది. ఈ కాగితం చేతిలో ఉంటే సీసా వృథా అవుతుందన్న మాట ఎవరూ అనలేరు.

రెండు, టీకా రోజు. పశువుల డాక్టరుతో మాట్లాడి తేదీ పెట్టండి. ముందు రోజు చాటింపు వేయించండి. ఆ పొద్దున కోళ్లను విడవవద్దు. వారం ముందు ఏలిక పాముల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. జబ్బుతో ఉన్న కోడికి వేయవద్దు. చలికి ముందు ఒకసారి, ఎండలకు ముందు ఒకసారి ఊరంతా జరగాలి.

మూడు, వరుస. పిల్ల పుట్టిన 5 నుంచి 7 రోజుల మధ్య ఎఫ్-1 లేదా లసోటా టీకా కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క. నాలుగు వారాలకు మళ్లీ లసోటా. ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి టీకా అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కింద. ఆ తర్వాత డాక్టరు సలహా మేరకు ఆరు నెలలకోసారి. చిన్న పిల్లలకు నేరుగా ఆర్2బి పొడిస్తే తట్టుకోలేవు. లసోటాను నీళ్లలో కలిపి పెట్టేవాళ్లు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడవద్దు. అందులోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బాయి నీళ్లు వాడండి.

నాలుగు, రోగం కనిపించిన రోజు. పంచాయతీకి, పశువుల దవాఖానకు చెప్పండి, 1962 నంబరుకు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని పెంటకుప్ప మీద, వాగులో, కాలువలో వేయవద్దు. చేతికి కవరు తొడుక్కుని లోతు గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. మిగిలిన కోళ్లను అమ్మవద్దు. అంగడి నుంచి తెచ్చిన కొత్త కోడిని రెండు వారాలు వేరుగా కట్టేయండి. బయటికి బాగా కనిపించే కోడి కూడా రోగాన్ని మోసుకొస్తుంది.

పసుపు పండించే నేల మనది. పసుపు మీద మనకున్నంత నమ్మకం ఇంకెవరికి ఉంటుంది? అయినా చెప్పక తప్పదు. పసుపు, వెల్లుల్లి, మెడికల్ షాపు గోళీలు కొక్కెరను ఆపవు. వైరస్ ఒంట్లోకి వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఒక్కటే మార్గం.

మనం అడగాల్సింది

జిల్లా పశుసంవర్ధక శాఖను, రాష్ట్ర ప్రభుత్వాన్ని మన సంఘం ఇవి అడుగుతోంది. గాలికుంటు టీకా లాగే ఏడాదికి రెండుసార్లు పెరటి కోళ్లకు ఊరూరా ఉచిత టీకా తేదీలు ప్రకటించాలి. చిన్న సీసాలు, ఎండను తట్టుకునే టీకాలు, గుళికల టీకాలు తెప్పించాలి. ప్రతి ఊరికి ఒక మహిళకు టీకా వేసే శిక్షణ, ఐసు పెట్టె, కోడికింత అని గౌరవ వేతనం ఇవ్వాలి. ఇందిరా మహిళా శక్తి కింద పెరటి కోళ్ల యూనిట్లు ఇస్తున్నారు, మంచిదే. టీకా లేకుండా కోళ్లు పంచడం అక్కచెల్లెళ్ల నెత్తిన అప్పు పెట్టడమే. ఖాళీగా ఉన్న పశువైద్య సిబ్బంది పోస్టులు నింపాలి. పంపిన శాంపిల్ ఫలితాన్ని ఆ రైతుకు, పంచాయతీకి రాతపూర్వకంగా తెలపాలి. కబురు చెప్పిన రోజు నుంచి చచ్చిన కోళ్లకూ పరిహారం ఇవ్వాలి. షెడ్డు ఖాళీ పెట్టించిన కాలానికి కంపెనీ కోళ్లు పెంచే రైతుకు విడిగా సాయం అందాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి మొత్తం 185 మంది అభ్యర్థులతో దేశం దృష్టిని పసుపు వైపు తిప్పారు. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. ఒక్కొక్కరం అడిగినన్ని రోజులు రానిది, కూడి అడిగితే వచ్చింది. కోడి టీకాకు అంత పోరాటం కూడా అక్కర్లేదు. టీకా హైదరాబాద్‌లో తయారై ఉంది, రోడ్డు ఉంది, దవాఖాన ఉంది.

వచ్చే గ్రామ కమిటీ సమావేశానికి కోళ్లు సాదే అక్కచెల్లెళ్లను పిలవండి. ఎజెండాలో మొదటి అంశంగా కోళ్ల లెక్క పెట్టండి. ఆ జాబితాలు నెలాఖరులోగా మండల కమిటీకి అందజేయండి. అన్ని ఊళ్ల జాబితాలు కలిపి జిల్లా అధికారి బల్ల మీద పెట్టి టీకా తేదీలు రాయించుకుని వద్దాం.